పిండి రాలితే ఆపెయ్యాలి

ఈ ఏటి వంటచెరకు కోత మొన్న మంగళవారంతో అయిపోయింది. సంక్రాంతి వెళ్ళిన వారానికి మొదలుపెట్టాను. రోజూ తెల్లవారి ఆరింటికి రంపం మిషను పట్టుకుంటే తొమ్మిది దాటకుండా దించేసేవాణ్ణి. పదహారు రోజులు పట్టింది. ఎండిపోయిన జీడిమామిడి చెట్లు మూడు, గట్టు మీద గాలికి ఒరిగిన సరుగుళ్ళు ఆరు, పోయినేడు విరిగిన ఒక పెద్ద మామిడి కొమ్మ. అమ్మ పెరటి పొయ్యికి ఏడాదంతా సరిపోయి, వైశాఖంలో మా చిన్నాన్న మనవరాలి పెళ్ళి వంటలక్కూడా మిగులుతాయి.

ఆఖరి రోజు సాయంత్రం మిషను చైను, అంటే కర్రని కోసే పళ్ళ గొలుసు, విప్పి డీజిల్లో కడుగుతుంటే పక్కింటి తమ్ముడు వచ్చి గట్టు మీద కూర్చున్నాడు. "అన్నియ్యా, నీ మిషను ఇన్నేళ్ళయినా ఎలగ కోస్తంది? మాది కొన్న ఏడాదికే పొగలు కక్కుతంది" అన్నాడు. వాడి మిషను తెప్పించి చూశాను. మిషనుకి ఏ రోగమూ లేదు. చైను పళ్ళ మీద వేలు పెట్టి రుద్దితే అన్నీ చెంచా అంచులా గుండ్రంగా తగిలాయి. మా ఊళ్ళో ఇప్పుడు రంపం మిషను లేని వీధి లేదు. ఆ పళ్ళకి పదును పెట్టే ఆకురాయి ఉన్న ఇళ్ళు మాత్రం నాకు తెలిసి నాలుగే. ఆ రాత్రి వాడికి చెప్పిందే ఇక్కడ రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, కవిటి మండలం. కొబ్బరి, జీడి, పనస, మామిడి మా బతుకు. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. నేనప్పుడు ఖతార్‌లో వెల్డర్‌ని. నాలుగు రోజులు ఇంటికి ఫోను కలవలేదు. ఐదో రోజు అమ్మ గొంతు వినిపించింది. "మనుషులం బాగున్నాం నాన్నా, సెట్లే నేవు" అంది. సెలవు పెట్టుకుని వచ్చి చూస్తే మా తోటలో 130 కొబ్బరి చెట్లకి 19 నిలబడి ఉన్నాయి. కొన్ని నడుం దగ్గర విరిగాయి, కొన్ని వేళ్ళతో లేచి ఒకదాని మీద ఒకటి పడ్డాయి. ఇంటి వెనక తాత నాటిన పనస చెట్టు పందిరంత మట్టిగడ్డని వేళ్ళకి పట్టుకుని పక్కకి ఒరిగి ఉంది. నేను మళ్ళీ ఖతార్ వెళ్ళలేదు.

పడిన కొబ్బరి మానుని అలా వదిలేసే వీలుండదు. అది కుళ్ళడం మొదలైతే కొమ్ము పురుగు వచ్చి అందులో గుడ్లు పెడుతుంది. పిల్లలు ఆ కుళ్ళిన మానులోనే పెరిగి, రెక్కలు వచ్చాక కొత్తగా నాటిన మొక్కల మొవ్వుల్లోకి దూరతాయి. అంటే పడిన చెట్టు రేపటి చెట్టుని కూడా తినేస్తుంది. ఆ నెలంతా ఉద్దానంలో ఎక్కడ విన్నా రంపం మిషన్ల చప్పుడే. కోతవాళ్ళు దొరకలేదు, దొరికినవాళ్ళు అడిగిన కూలి మేము ఇవ్వలేకపోయాం. అప్పుడే మిషను కొన్నాను.

మా మామ, అంటే అమ్మకి పెద్ద తమ్ముడు, పూర్వం కోతపని చేసేవాడు. గొయ్యి తవ్వి, దుంగని పైన అడ్డంగా పెట్టి, ఒకడు పైనా ఒకడు కిందా నిలబడి పెద్ద రంపం లాగి పనస దుంగల్ని పలకలుగా కోసే పని అది. ఆయన కిందవాడు. పాతికేళ్ళు కళ్ళలోకి పొట్టు రాలించుకున్న మనిషి. నేను కొత్త మిషను స్టార్టు చేసి మొదటి దుంగ కోస్తుంటే వచ్చి పక్కన నిలబడ్డాడు. మిషనుని చూడలేదు, నన్నూ చూడలేదు. వంగి నేల మీద పడ్డ పొట్టుని చిటికెడు తీసి వేళ్ళ మధ్య నలిపాడు.

"మిషనుకేసి సూడకురా బాబూ, పొట్టు సూడు. రవ్వ రాలితే కొయ్యి. పిండి రాలితే ఆపీ."

ఈ మిషను గురించి నేను నేర్చుకున్న మిగతావన్నీ ఆ మాటకి చుట్టాలే. పదునున్న పన్ను కర్ర పోగుని తెగ్గోసి తునకగా ఎత్తి బయటపడేస్తుంది. అందుకే గోధుమ రవ్వలా, ఒక్కోసారి చిన్న అటుకుల్లా రాలుతుంది. దుంగని నిలువుగా చీలిస్తే సేమ్యాలాంటి పొడుగు పోగులు వస్తాయి, అది కూడా మంచి పొట్టే. మొద్దుబారిన పన్ను కొయ్యదు, గీకుతుంది. గీకితే బియ్యప్పిండి రాలుతుంది, కోత లోంచి పొగ వస్తుంది, మాడిన వాసన వస్తుంది. అప్పుడు మనిషి ఏం చేస్తాడంటే మిషనుని కిందికి అదుముతాడు. ప్రమాదం అక్కడ మొదలవుతుంది. పదునైన చైను తన బరువుతోనే దుంగలోకి దిగుతుంది, మనం పట్టుకుని ఉంటే చాలు. మొద్దు చైనుకి మన ఒళ్ళంతా బరువు పెట్టాలి. దుంగ చటుక్కున తెగిందా, ఆ బరువంతా మిషనుతో సహా మోకాలి మీదికి వస్తుంది.

నాకు మోకాలి మీదికి రాలేదు, మొహం మీదికి వచ్చింది. కొన్న రెండో ఏడు, చీకటి పడే వేళ. ఇంకొక్క జీడి దుంగ మిగిలింది. పొట్టు పిండిలా రాలుతున్న సంగతి తెలుస్తూనే ఉంది. ఈ ఒక్కటీ అయిపోతే ఇంటికి పోవచ్చని అదుముతున్నాను. చైను పరిగెత్తే పలకని బారు అంటారు. దాని ముక్కు పైభాగం వెనకున్న ఇంకో దుంగకి తగిలింది, నేను చూసుకోలేదు. ఆ చోట పళ్ళు ముందుకీ కిందికీ తిరుగుతుంటాయి కాబట్టి తగిలిన పన్ను కర్రని కొయ్యలేక దాని మీద పట్టు దొరికించుకుని మొత్తం మిషనుని పైకీ వెనక్కీ తంతుంది. రెప్ప వేసేంత సేపు కూడా పట్టదు. ముందు పిడి దగ్గర ఉండే గార్డు నా ఎడమ మణికట్టుకి తగిలి ముందుకి పడింది, చైను బ్రేకు పడింది. ఆగిన చైను భుజానికి కొట్టుకుని నాలుగు పళ్ళు గుచ్చుకున్నాయి. చైను తిరుగుతూ ఉండి ఉంటే ఈ రాత నేను రాసేవాణ్ణి కాదు.

మామకి చెప్పాను. ఆయన ముందు గాయం చూడలేదు. "పొట్టు ఎలగుంది?" అని అడిగాడు.

ఆ రోజు నుంచి పొద్దున్న మిషను స్టార్టు చేయగానే మొదటి పని బ్రేకు చూడటం. రెండు చేతులతో పట్టుకుని, చైను తిరుగుతుండగా మణికట్టుతో గార్డుని ముందుకి నెడతాను. చైను టక్కున ఆగాలి. ఆలస్యంగా ఆగితే ఆ రోజు కోత లేదు. స్టార్టు కూడా నేల మీద పెట్టే చేస్తాను. బ్రేకు వేసి, కుడికాలి బూటు వెనక పిడిలో పెట్టి తొక్కి, ఎడమ చేత్తో ముందు పిడి పట్టుకుని, కుడి చేత్తో తాడు లాగాలి. గాల్లో వేలాడదీసి ఒంటి చేత్తో తాడు లాగే కుర్రాళ్ళని చూస్తే నాకు కడుపులో దేవినట్టుంటుంది. కోసేటప్పుడు ఎడమచేతి బొటనవేలు పిడి కింద నుంచి చుట్టి ఉండాలి, పైన మిగతా వేళ్ళ సరసన కాదు. బారుకి నేరుగా వెనక నిలబడకుండా కొంచెం ఎడమకి జరగాలి. మిషను లేచినా తల పక్కగా పోతుంది. భుజం ఎత్తు దాటి మిషను ఎత్తకూడదు.

కాళ్ళకి కట్టుకునే కవచం ఒకటి ఉంటుంది, చాప్స్ అంటారు. లోపల పొడుగాటి దారాల పొరలు ఉంటాయి. చైను తగిలితే ఆ పోగులు ఊడి వచ్చి చైనుని తిప్పే పళ్ళ చక్రానికి, అంటే స్ప్రాకెట్‌కి, చుట్టుకుని చైనుని ఆపేస్తాయి. మా చుట్టుపక్కల దుకాణాల్లో నాకు దొరకలేదు, ఆన్‌లైన్‌లో తెప్పించాను. చెవులకి మఫ్, కళ్ళకి జాలీ ఉన్న హెల్మెట్టు కూడా. లుంగీ కట్టుకుని కోసేవాళ్ళకి నాదొక్క విన్నపం. మిషను కొనడానికి ముందు ఇవి కొనండి, డబ్బు చాలకపోతే మిషను వచ్చే ఏడు కొనుక్కోండి.

ఇంక ఆకురాయి సంగతి. నా చైను పాయింట్ మూడు వందల ఇరవై ఐదు పిచ్. పిచ్ అంటే చైను లింకుల ఎడం, అంగుళాల్లో. దానికి 4.8 మిల్లీమీటర్ల గుండ్రటి ఆకురాయి కావాలి. చిన్న మిషన్లకి వచ్చే ఎత్తు తక్కువ చైనుకి, లో ప్రొఫైల్ అంటారు, 4 మిల్లీమీటర్లది. కొలత తప్పితే ఎంత రుద్దినా పదును రాదు. బారుని బల్లకున్న వైసులో బిగించి, బ్రేకు వేసి, ఒక పన్ను మీద సుద్దతో గుర్తు పెట్టి మొదలుపెడతాను. నా 18 అంగుళాల బారు మీద 36 పళ్ళు. సగం ఎడమకి, సగం కుడికి తిరిగి ఉంటాయి. ముందు ఒక పక్కవి అన్నీ, తర్వాత మిషను తిప్పి రెండో పక్కవి అన్నీ. పన్ను పైభాగం మీద కంపెనీ వాళ్ళే వాలుగా ఒక గీత గీసి ఉంచుతారు, 30 డిగ్రీల వాలు అది. ఆకురాయి ఆ గీతకి సమాంతరంగా ఉండాలి. ఆకురాయి మందంలో అయిదో వంతు పన్ను పైకి కనపడుతూ ఉండాలి. లోపలి నుంచి బయటికి తోయాలి, వెనక్కి తెచ్చేటప్పుడు ఎత్తి తేవాలి. లాక్కొస్తే ఆకురాయి పళ్ళే పోతాయి. ఒక్కో పన్నుకి మూడు తోపులు. మొదటి పన్నుకి మూడైతే 36కీ మూడే. రాయికి తగిలి ఒక పన్ను బాగా చితికితే, అది బాగయ్యేదాకా రుద్ది మిగతా పళ్ళని కూడా అంత పొడవుకే తేవాలి.

పన్ను ముందు చిన్న బొడిపె ఒకటి ఉంటుంది. పన్ను ఎంత లోతు కొరకాలో అది చెబుతుంది. పన్ను అంచు కంటే 0.65 మిల్లీమీటర్లు కింద ఉండాలి. పన్నుని రుద్దేకొద్దీ పన్ను పొట్టిదవుతుంది, బొడిపె అలాగే ఉండిపోతుంది. అప్పుడు పదునున్నా కొరకదు. నాలుగైదుసార్లు పదును పెట్టాక గేజి పెట్టి చూసి, చదును ఆకురాయితో ఒకటి రెండు తోపులు తోస్తాను. వేగంగా కోస్తుందని దాన్ని బాగా కిందికి అరగదీసేవాళ్ళున్నారు. అలాంటి చైను కర్రని అందినంత కొరికి మిషనుని తన్నిస్తుంది. నా భుజం మీద మచ్చలు చూపించి చెబుతాను వాళ్ళకి.

చైనుని బజార్లో గ్రైండరు మీద పట్టించడం నాకు ఇష్టం లేదు. వెల్డరుగా పదకొండేళ్ళు ఉక్కు రంగులు చూశాను. ఉక్కు నీలంగా మారిందంటే దాదాపు 300 డిగ్రీలు తగిలిందని. గ్రైండరు కింద ఒక్క క్షణం ఎక్కువ ఉంచితే పన్ను అంచు నీలంగా కాలిపోతుంది. నీరు పోసి తెచ్చిన గట్టిదనం పోతుంది. ఇంట్లో ఆకురాయితో అయితే ఇరవై నిమిషాల పని. నేను రెండు ట్యాంకుల పెట్రోలుకి ఒకసారి పడతాను, పిండి కనిపిస్తే అంతకుముందే.

ఈ పన్ను ఇలా వంకరగా ఎందుకుంటుందో తెలిశాక నాకు చైను మీద ప్రేమ ఇంకా పెరిగింది. 1946లో అమెరికాలోని ఆరిగన్ రాష్ట్రంలో జో కాక్స్ అని అడవిలో చెట్లు కోసే ఆయన ఉండేవాడు. అప్పటి చైన్లకి చేతి రంపంలాగా గీకే పళ్ళుండేవి, మాటిమాటికీ మొద్దుబారేవి. ఆయన ఒక మొద్దులో కర్రని తొలుచుకుపోతున్న పురుగు పిల్లని చూశాడు. అది దవడలు ఎడమకీ కుడికీ ఆడిస్తూ, నిలువు పోగు అడ్డు పోగు అని లేకుండా తినేస్తోంది. ఆ దవడల్ని చూసి ఒక పన్ను ఎడమకి, ఒక పన్ను కుడికి తిరిగేలా కొత్త చైను చేశాడు, 1947లో అమ్మకానికి పెట్టాడు. ఇవాళ్టి చైన్లన్నీ దాని పిల్లలే. ఆ సంగతి చెబితే మామ చాలాసేపు ఏమీ అనలేదు. కొబ్బరి పురుగుని ఏళ్ళ తరబడి తిట్టిన మనిషి. "అయితే పురుగు దగ్గిర నేర్సుకున్నాడన్న మాట" అన్నాడు, నెమ్మదిగా, గౌరవంగా.

చైనుకి మా ఉద్దానంలో అసలు శత్రువు ఇసక. మా నేల అంతా ఇసక పర్ర. పడిన కొబ్బరి మాను బెరడు నిండా ఇసక కూరుకుని ఉంటుంది. పైగా కొబ్బరి మానుకి మామిడి దుంగలా లోపల చేవ ఉండదు. గట్టిదనం అంతా బయటి వరసలోనే, లోపల మెత్తటి పీచు. ఆ గట్టి పట్టీలో ఇసక కలిస్తే పదును పెట్టిన చైను పావుగంటకే పిండి రాలుస్తుంది. తిత్లీ తర్వాత రోజుకి నాలుగైదుసార్లు ఆకురాయి పట్టాను. ఇప్పుడైతే ముందు తాటాకు చీపురుతో మాను రుద్ది, కోసే చోట కత్తితో బెరడు చెక్కేసి అప్పుడు మిషను పెడతాను. దుంగని నేల మీద ఉంచి చివరిదాకా కొయ్యను. యాంగిల్ ఇనుముతో గుణకారం గుర్తులా రెండు కాళ్ళ జతలు వెల్డింగ్ చేసుకుని స్టాండు చేశాను, దాని మీద పెట్టి కోస్తాను. స్టాండు మీదికి ఎక్కని పెద్ద దుంగ అయితే ముప్పాతిక వంతు కోసి, దొర్లించి, మిగతాది పైనుంచి కోస్తాను. చైను ఒక్క క్షణం ఇసకలో తిరిగితే చాలు, ఇరవై నిమిషాల పని పోయినట్టే. వంటచెరకుగా కొబ్బరి మాను అంత గొప్పదేమీ కాదు. సరుగుడు రాజు. జీడి నిలకడగా కాలుతుంది.

తుఫానుకి పడిన చెట్టు గురించి వేరే చెప్పాలి, ఎందుకంటే నిలబడ్డ చెట్టు కంటే అది ప్రమాదం. నిలబడ్డ చెట్టుకి ముందు వాల్టా, అంటే నీళ్ళు, నేల, చెట్ల చట్టం కింద అనుమతి సంగతి చూసుకోవాలి, ఎటు పడుతుందో చూసుకోవాలి. పడిన చెట్టులో బలం ఎటు దాగి ఉందో పైకి తెలియదు. దుంగ రెండు చివర్లా ఆని మధ్యలో గాల్లో ఉంటే పైవైపు నొక్కుకుని ఉంటుంది, కిందివైపు సాగి ఉంటుంది. పైనుంచే కోసుకుపోతే కోత మూసుకుని బారుని పట్టేస్తుంది. పైనుంచి మూడో వంతు కోసి, మిగతాది కింద నుంచి పైకి కోయాలి. ఒక చివరే ఆని రెండో చివర వేలాడుతుంటే లెక్క తిరగబడుతుంది. ముందు కింద నుంచి మూడో వంతు, తర్వాత పైనుంచి. వంగి బిగుసుకున్న కొమ్మ తెగితే బాణంలా కొడుతుంది, దాని వంపు లోపల నిలబడకూడదు.

తాత పనస చెట్టు దగ్గర ఇదే జరిగేది. నేను మొదట్లోనే మాను కోసేద్దామని వెళ్ళాను. మామ నా చొక్కా పట్టుకుని లాగాడు. వేళ్ళకి పట్టుకున్న ఆ మట్టిగడ్డ బరువు ఎంతో నేను ఊహించలేదు. మాను బరువు అటు లాగుతోంది కాబట్టి అది అలా నిలబడి ఉంది. మాను తెగితే గడ్డ వెనక్కి పడి మొదలు మళ్ళీ నిటారుగా లేస్తుంది. దాని కింద గొయ్యిలో పిల్లలు ఆడుకుంటున్నారు అప్పటిదాకా. పిల్లల్ని పంపించి, గడ్డ వెనక రెండు కొబ్బరి మొద్దులు దన్ను పెట్టి, ముందు కొమ్మలన్నీ కోసుకుని, మొదలు నుంచి నాలుగడుగుల దూరంలో కోశాం. అయినా గడ్డ అడుగున్నర వెనక్కి జరిగి కూర్చుంది, నేల అదిరింది. ఆ పనస మానుని వంటచెరకు చెయ్యలేదు. పసుపు పచ్చటి చేవ, తేనె వాసన. ఇప్పుడు మా ఇంటి వీధి తలుపు అదే.

ఇంజను విషయం. ఇది టూ స్ట్రోకు. లోపల వేరే ఆయిలు గది ఉండదు, పెట్రోల్లో కలిపిన ఆయిలే పిస్టనుకి తడి. లీటరుకి 20 మిల్లీలీటర్లు, మంచి టూ స్ట్రోకు ఆయిలు. నా మొదటి మిషను దీని వల్లే పోయింది. అమ్మిన దుకాణం వాళ్ళు పుస్తకం ఇవ్వలేదు, కలపాలని నాకు మాటగా చెప్పారంతే. నేను ఒకరోజు పంట నష్టం కాగితాల పని మీద శ్రీకాకుళం వెళ్తే, కూలికి వచ్చినతను ఉత్త పెట్రోలు పోశాడు. అతని తప్పేం లేదు, నేను చెప్పి వెళ్ళలేదు. పది నిమిషాల్లో ఇంజను పట్టేసింది. విప్పి చూస్తే పిస్టను పక్కన నిలువునా గీతలు. అప్పటి నుంచి కలిపిన డబ్బాకి ఎర్ర రంగు పూసి ఉంచాను, ఇంట్లో అందరికీ తెలుసు.

ఇప్పుడు బంకుల్లో వచ్చే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటుంది. ఇథనాల్ గాల్లో తేమని లాక్కుంటుంది. మాది సముద్రపు గాలి. కలిపిన పెట్రోలు నెల రోజులు డబ్బాలో ఉంటే అడుగున నీరు దిగిన సందర్భం నేను చూశాను. కార్బొరేటరు లోపల పల్చటి పొరలుంటాయి, అవి గట్టిపడితే మిషను స్టార్టవుతుంది కానీ యాక్సిలరేటరు నొక్కితే చచ్చిపోతుంది. అందుకని వారానికి సరిపడేంతే కలుపుతాను. కార్బొరేటరు స్క్రూలు నేను తిప్పను, ఒక్క ఐడ్లింగ్ స్క్రూ తప్ప. యాక్సిలరేటరు వదిలేస్తే చైను పూర్తిగా ఆగాలి. నెమ్మదిగా అయినా తిరుగుతోందంటే ఆ స్క్రూ తగ్గించాలి. గాలి ఫిల్టరు రోజూ బ్రష్‌తో దులిపి, వారానికోసారి సబ్బు నీళ్ళలో కడిగి నీడన ఆరబెడతాను. ఇక్కడ కూడా మామ మాటే. రవ్వ ఫిల్టరు దాకా పోదు, పిండి పోతుంది. చైను మొద్దుబారిన మిషనుకి ఫిల్టరు కూడా తొందరగా మూసుకుపోతుంది. పక్కింటి తమ్ముడి మిషను పొగలు కక్కడానికి సగం కారణం అదే.

చైను ఆయిలు వేరే ట్యాంకులో పోస్తాం. పెట్రోలు ట్యాంకు ఖాళీ అయ్యేసరికి అది కూడా దాదాపు ఖాళీ అవ్వాలి. పెట్రోలు అయిపోయి ఆయిలు అలాగే ఉందంటే చైనుకి ఆయిలు అందడం లేదు. బారు కొసని తెల్లటి సిమెంటు సంచి మీద జానెడు ఎత్తున పట్టి యాక్సిలరేటరు ఇస్తే సంచి మీద ఆయిలు చారిక పడాలి. పడకపోతే బారు మొదట్లో ఉన్న చిన్న రంధ్రం పొట్టుతో మూసుకుపోయి ఉంటుంది, సన్నటి తీగతో తీస్తాను. ట్రాక్టరు నుంచి తీసిన పాత నల్ల ఆయిలు పోసేవాళ్ళు మా దగ్గర ఎక్కువ. అందులో ఇనుప రజను ఉంటుంది, పంపునీ బారునీ తినేస్తుంది. బారుని ప్రతి పదునుకీ తలకిందులు చేసి బిగిస్తాను, రెండు అంచులూ సమానంగా అరుగుతాయి. గాడిలో పేరుకున్న మడ్డిని పాత హాక్సా బ్లేడుతో గీకుతాను.

చైను బిగువు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. చేతి తొడుగు వేసుకుని లాగితే చైను సులువుగా కదలాలి, కానీ బారు కింద వేలాడకూడదు. వేడెక్కితే చైను సాగుతుంది, అప్పుడు బిగిస్తాం. పని అయ్యాక మళ్ళీ వదులు చెయ్యడం చాలామంది మర్చిపోతారు. చల్లారినప్పుడు అది ముడుచుకుని క్రాంకు షాఫ్టునీ బేరింగునీ లాగేస్తుంది.

తొమ్మిది దాటితే ఎందుకు ఆపేస్తానో కూడా చెప్పాలి. మా ఉద్దానంలో కిడ్నీ జబ్బు సంగతి అందరికీ తెలిసిందే. ఎండలో చెమట కార్చుకుంటూ నీళ్ళు తాగకుండా కష్టపడటం ఆ ఒంటికి మంచిది కాదని డాక్టర్లు మాకు చెబుతూనే ఉంటారు. మామకి 2019లో బయటపడింది. వారానికి రెండుసార్లు సోంపేటలో డయాలసిస్‌కి తీసుకెళ్ళేవాణ్ణి. తోటకి రాలేని రోజుల్లో నేను పొట్టు చిన్న కవర్లో పోసి పట్టుకెళ్ళేవాణ్ణి. మంచం మీద కూర్చుని, సూది పెట్టని చేత్తో నలిపి చూసేవాడు. ఒకసారి జీడి దుంగ నుంచి కోసిన బిళ్ళ పట్టుకెళ్ళాను. పొట్టు బాగానే ఉందన్నాడు. బిళ్ళ మీద బొటనవేలు నడిపి, "ఓ పక్క పళ్ళు నిద్దరోతన్నాయిరా బాబూ" అన్నాడు. కోత నిటారుగా రాలేదు, సన్నగా కొడవలి వంపు తిరిగింది. ఇంటికొచ్చి కొలిస్తే ఎడమ పళ్ళు కుడివాటి కంటే పొట్టిగా ఉన్నాయి. నాది కుడిచేతి వాటం, ఒక పక్క పళ్ళ మీద చేతికి తెలియకుండానే బరువు ఎక్కువ పడుతోంది. రెండు పక్కలా సమానం చేసేసరికి సాయంత్రమైంది. మర్నాడు ఇంకో బిళ్ళ పట్టుకెళ్ళాను. వేలు నడిపి తలగడ పక్కన పెట్టుకున్నాడు. 2022 శ్రావణంలో పోయాడు. ఆ బిళ్ళ అత్త ఇంట్లో నీళ్ళ బిందె కింద ఉంది.

కోసిన కర్రలు మూరెడు ముక్కలు చేసి, లావువి గొడ్డలితో పగలేసి, గోడకి జానెడు ఎడంగా కొబ్బరి మట్టల మీద పేరుస్తాను. నేలకి తగలకూడదు. చివర్లలో చీలికలు కనపడి, రెండు కర్రలు ఒకదానికొకటి కొడితే టంగుమని మోగితే ఎండినట్టు. చైత్ర వైశాఖాల ఎండ తిన్న సరుగుడు వానలొచ్చేసరికి మోగుతుంది. అమ్మకి చప్పుడు చాలు, చెవి దగ్గర కొట్టి చూసి పొయ్యిలో పెడుతుంది.

మొన్న మంగళవారం కోత అయ్యాక ట్యాంకులో మిగిలిన పెట్రోలు వొంపేసి, మిషను దానంతట అది ఆగేదాకా నడిపాను, కార్బొరేటర్లో చుక్క మిగలకుండా. ప్లగ్గు తీసి చూస్తే లేత గోధుమరంగులో ఉంది, బాగా కాలుతోందని. ప్లగ్గు రంధ్రంలో అర చెంచా టూ స్ట్రోకు ఆయిలు వేసి తాడు రెండుసార్లు నెమ్మదిగా లాగి ప్లగ్గు బిగించాను. బారు విప్పి తుడిచాను. రెండు చైన్లకీ పదును పెట్టి, ఆయిలు డబ్బాలో ముంచి మూత పెట్టాను. అవి అక్టోబరుకి. తుఫాను అక్టోబరు చూసుకునే వస్తుందని కాదు, మాకు అలా గుర్తుండిపోయింది. ఒక లీటరు టూ స్ట్రోకు ఆయిలు, ఒక లీటరు చైను ఆయిలు, కొత్త ప్లగ్గు ఒకటి, ఆకురాళ్ళు మూడు, చాప్స్, హెల్మెట్టు ఒకే పెట్టెలో పెట్టి అటక మీదికి ఎక్కించాను. పెట్రోలు మాత్రం ఉంచను. తిత్లీ అప్పుడు కరెంటు లేక బంకులు పనిచెయ్యలేదు, అందుకని తుఫాను హెచ్చరిక వచ్చిన రోజే కంచిలి వెళ్ళి అయిదు లీటర్లు పట్టించి 100 మిల్లీలీటర్ల ఆయిలు కలుపుతాను. ఎర్ర డబ్బా కడిగి పెరట్లో బోర్లించి ఉంది.